చదవకుండా దాటేసిన పదకొండు పేజీలు

ఉప్పల్‌లో ప్రతి నెలా రెండో ఆదివారం ఒక బడి గదిలో పదిహేను ఇరవై మందిమి కూర్చుని, ఆ నెలలో చదివిన నవలల గురించి మాట్లాడుకుంటాం. అక్కడ ఒకరోజు ఒక పెద్దమనిషి చెయ్యని తప్పుకు నలుగురిలో చిన్నబోయాడు. ఆ తప్పు నాది. పక్క కుర్చీలోనే ఉన్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

ఆయన్ని నేను అన్నా అని పిలుస్తాను. నాచారంలో యంత్రాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ముప్పై ఏళ్లు లేత్ మీద పనిచేశాడు. నేను అదే కంపెనీ ఆఫీసులో గుమస్తాని. మాది గోదావరి వైపు, ఆయనది జనగామ దగ్గర పల్లె. మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకుని కబుర్లలో పడితే, ఆయన ఒక చేత్తో తింటూ రెండో చేత్తో నవల పట్టుకునేవాడు. పేజీల అంచులకు గ్రీజు మరకలుండేవి. షుగర్ వల్ల కళ్లు పోయి, గడువుకు ముందే ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. ఉద్యోగం గురించి పెద్దగా దిగులు పడలేదు గాని, పుస్తకాల అల్మరా ఉన్న గదిలోకి వెళ్లడమే మానేశాడని వదిన చెప్పింది. మా ఇద్దరిదీ చిల్కానగర్‌లో ఒకటే గల్లీ. నేను చదివి వినిపిస్తానన్నాను. ఆ తర్వాత రెండేళ్లకు పైగా, ఆఫీసు నుంచి వచ్చాక రోజూ ఓ గంట, వాళ్ల డాబా మీద నీళ్ల ట్యాంకు నీడలో చదువుతూ వచ్చాను.

మొదటి నెలలోనే అర్థమైంది, చదివేది నేనైనా నవల కనబడుతున్నది ఆయనకేనని. ఒక దయ్యాల నవల చదివాం. పాడుబడ్డ ఇల్లు, తలుపు చప్పుళ్లు, అద్దంలో మొహం, అన్నీ ఉన్నాయి. నాకు బాగానే భయం వేసింది. ఆయనకు అవేవీ అంటలేదు. మధ్యలో ఎక్కడో ఒక వాక్యం ఉంది, మొగుడు పోయిన మనిషి ఇద్దరికి సరిపడా బియ్యం కొలిచి వండి, ఒక్కతే కూర్చుని మొత్తం తినేసిందని. నేను దాన్ని చదివి ముందుకు పోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, మళ్లీ చదవమన్నాడు. “దయ్యం గీడ వచ్చింది తమ్మీ. తలుపుల కాడ లేదు” అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లో బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడు వినబడితే నా ఒళ్లు జలదరించింది.

వేరే గ్రహానికి పోయే ఓడలో ఇరవై ఏళ్లు ప్రయాణించే మనుషుల కథ ఇంకొకటి. రచయిత చాలా సైన్సు చదువుకుని రాశాడని నేను మెచ్చుకున్నాను. అంత పెద్ద మెషిన్ లోపల ఇరవై ఏళ్లు బతికినవాళ్లు దాని చప్పుడు ఎలా ఉంటుందో ఒక్కసారైనా చెప్పారా అని ఆయన అడిగాడు. మెషిన్ చప్పుడు కొంచెం మారినా నిద్రలోంచి లేచి కూర్చుంటామట. అయినా, టిఫిన్ డబ్బాలో తన చేని మట్టి పెట్టుకుని ఓడెక్కిన ముసలామెను రాసినందుకు మిగతాదంతా మాఫ్ చేసేశాడు. అన్నదమ్ముల పగ మీద వచ్చిన కుటుంబ నవలకు మాత్రం మాఫీ దొరకలేదు. “నట్టు ముందుగాల చేతితోని రెండు చుట్లు తిరగాలె. సాఫీగ పోతున్నదంటెనే పానా పెట్టాలె. ఈయన మొదటి పేజీలనే పానా పెట్టిండు. నట్టు లోపలి మర కరాబైంది” అన్నాడు. నేను ఎన్నో పత్రికల్లో సమీక్షలు చదివాను. ఇంత తక్కువ మాటల్లో ఒక నవల జబ్బు పట్టుకున్నవాళ్లు నాకు గుర్తు లేరు.

నెలకోసారి చెయ్యి పట్టుకుని ఉప్పల్ తీసుకెళ్లేవాణ్ని. రిటైరైన టీచర్లు, బ్యాంకువాళ్లు, సాఫ్ట్‌వేర్ పిల్లలు ఉండే ఆ గదిలో ఆయన వంతు వచ్చేసరికి ఫోన్లు పక్కన పెట్టేసేవారు. ఎవరో ఒకసారి, మీరు ఏం చదువుకున్నారండీ అని అడిగితే, “ఐటీఐ. అది గూడ ఫిట్టర్ సీటు రాక టర్నర్ తీస్కున్న” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనే ఎక్కువ నవ్వాడు.

ఇప్పుడు నా సంగతి. పేజీలు దాటెయ్యడం ఒక చారిత్రక నవలతో మొదలైంది. శత్రువులు తరుముతుంటే ఒక రౌతు మూడు రోజులు గుర్రం మీద కోటకు వార్త తీసుకుపోతాడు. దారి వర్ణన రెండు పేజీలుంది. నా గొంతు ఎండిపోయింది, చటుక్కున దాటేసి కోట గుమ్మం దగ్గర ఎత్తుకున్నాను. అన్న వెంటనే, “గుర్రానికి నీళ్లెప్పుడు తాపిన్రు?” అని అడిగాడు. రాయలేదన్నాను. మూడు దినాలు ఉరికించి నీళ్లు తాపనోడు రౌతెట్లయితడని గొణిగాడు. ఇంటికొచ్చాక ఆ రెండు పేజీలు తీసి చూశాను. వాగు ఒడ్డున ఆ రౌతు తను తాగకముందే గుర్రానికి నీళ్లు తాగిస్తాడు. అదీ వెంటనే కాదు, చెమట ఆరేదాకా ఆగి తాగిస్తాడు. నా చేతుల్లో పుస్తకం బరువెక్కినట్టనిపించింది. మర్నాడు చెప్పేద్దామనుకున్నాను. మర్నాడు అనే రోజు ఎంత సులువుగా గడిచిపోతుందో ఆ వయసుకు నాకు తెలిసే ఉండాలి.

రెండోసారి సిగ్గు. ప్రేమ నవల. పక్క డాబా మీద ఆడవాళ్లు బట్టలు తీస్తున్నారు. నవలలో ఇద్దరూ గదిలో ఉన్నారు. గొంతెత్తి చదవడం నా వల్ల కాలేదు. అది దాటేసి, తెల్లవారిన చోట ఎత్తుకున్నాను. అన్న ఓ పేరా విని, “పొద్దుగాల ఆమె వాని తువ్వాలతోని మొఖం తుడుసుకున్నదంటె, నడుమ ఏందో అయింది. సిగ్గువడి మింగినవా తమ్మీ?” అన్నాడు నవ్వుతూ. తప్పించుకోవడానికి ఆయనే దారి ఇచ్చాడు. ఔనంటే అయిపోయేది. నేను మాత్రం, లేదన్నా, రచయితే రాయలేదు అన్నాను. ఆయన నమ్మేశాడు. పైగా, రాయకుండా తువ్వాలతో చెప్పినందుకు ఆ రచయితను మెచ్చుకున్నాడు.

మూడోది డిటెక్టివ్ నవల. ఒక చిన్న ఊళ్లో హత్య జరుగుతుంది. నడుమ ఒక అధ్యాయమంతా ఒక కాంపౌండర్ ఇంట్లో నడుస్తుంది. తల్లి వంట చేయడం, కొడుక్కి వడ్డించడం, చుట్టాల ముచ్చట్లు. పదకొండు పేజీలు. ఆ సాయంత్రం టీవీలో క్రికెట్ మ్యాచ్ ఉంది. కథకు సంబంధం లేని వంటింటి గోలే కదా అనుకుని దాటేశాను. మూడు రోజుల తర్వాత చివరికొచ్చాం. హంతకుడు ఆ కాంపౌండరే. హత్య జరిగిన మర్నాడు అతను ఎడమ చేత్తో అన్నం తిన్నాడు గనక, పెనుగులాటలో కుడి చేతికి దెబ్బ తగిలిందని డిటెక్టివ్ తేలుస్తాడు. అన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఎడమ చెయ్యి సంగతి ముందు ఎక్కడుందని అడిగాడు. ఎక్కడా లేదన్నాను. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి అదే చెప్పాను.

ఆ ఆదివారం ఉప్పల్‌లో ఆయన చాలా కోపంగా మాట్లాడాడు. ఆ రచయిత మోసం చేశాడన్నాడు. చదివేవాడి చేతికి అన్ని ముక్కలూ ఇచ్చి అప్పుడు ఓడించాలి గాని, ఒక ముక్క జేబులో దాచుకుని ఓడించడం మర్యాద కాదన్నాడు. గదిలో ఒక ఇబ్బంది పుట్టింది. ఆ నవల ఇంకో నలుగురు చదివారు. వాళ్లలో ఒక రిటైర్డ్ టీచరమ్మ మెత్తగానే అంది. “అది ఉందండీ. తల్లి కూడా అడుగుతుంది, ఎడం చేత్తో తింటున్నావేమిట్రా అని. అధ్యాయమంతా దాని కోసమే కదా.” ఎవరో నవ్వాపుకున్నారు. ఒక కుర్రాడు పుస్తకం తెరిచి ఆ వాక్యం చదివి వినిపించాడు.

అన్న మొహం నా వైపు తిప్పాడు. చూపు లేని మనిషి అలా తిరగడం ఎంత బరువో నాకు తెలిసింది. నేను నేలకేసి చూస్తూ కూర్చున్నాను. ఆయన, “అయితే నేనే నిద్రవోయుంట. తమ్ముడు మంచిగనే సదివిండు. మాఫ్ చెయ్యున్రి” అన్నాడు. తన పరువు పోతున్న చోట నన్ను కాపాడి కూర్చున్నాడు.

ఆ తర్వాత రెండు నెలలు ఉప్పల్ రానన్నాడు. డాబా మీద చదువు సాగింది గాని, ఏ నవల ఎలా ఉందని అడిగినా, నాకేం తెలుస్తది, నువ్వే చెప్పు అనేవాడు. నేను ఒక్క పేజీ కూడా వదలకుండా చదవడం మొదలుపెట్టాను. వినే మనిషే అక్కడ లేడు. ఒకరోజు వదిన నన్ను మెట్ల దగ్గర ఆపింది. పొద్దున లేస్తూనే తను చేసిన విడిభాగాల సైజులు వరసగా అప్పజెప్పుకుంటున్నాడట. గల్లీలో ఇళ్ల వరస తప్పకుండా చెబుతున్నానో లేదో చూడమని ఆమెను అడుగుతున్నాడట. “కండ్లు వోయినప్పుడు గూడ గింత భయపడలే” అంది. జ్ఞాపకశక్తికి పరీక్ష చేయించుకోవాలని, దవాఖానాకు నాతోనే వస్తానన్నాడని చెప్పింది.

వెళ్లాం. డాక్టరు అయిదు మాటలు చెప్పి, కాసేపాగి అడిగితే అయిదూ చెప్పాడు. వందలోంచి ఏడేడు తీసేస్తూ ఆగకుండా కిందికి దిగాడు. ఈ మధ్య ఏ పుస్తకం విన్నారని అడిగితే ఆ డిటెక్టివ్ నవలే అందుకున్నాడు. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు ఏమన్నారు, ఏ గదికి ఎన్ని తలుపులు, అధ్యాయం తర్వాత అధ్యాయం చెప్పుకుపోయాడు. డాక్టరు పెన్ను కింద పెట్టి వింటూ ఉండిపోయాడు. సరిగ్గా ఆ పదకొండు పేజీల దగ్గర మాత్రం, గీడ ఏందో ఉన్నది సార్, నాకు యాదికొస్తలేదు అన్నాడు. ఇంత గుర్తున్నవాడికి ఏ జబ్బూ లేదని డాక్టరు నవ్వి పంపించేశాడు.

బయట మెట్రో స్తంభాల కింద ఆటో కోసం నిలబడ్డాం. ఆయన ఊరట పడలేదు.

“డాక్టర్‌కు సమజ్ కాలే. ఆయన కంటె నీ మీదనే నాకు నమ్మకం తమ్మీ. నువ్వు సదివినవ్, నేను మరిసిన. గంతే గదా?”

“నేను చదవలేదన్నా” అన్నాను.

ట్రాఫిక్‌లో వినబడలేదేమోనని మళ్లీ చెప్పాను. తర్వాత ఆగలేదు. మ్యాచ్ సంగతి, గుర్రం సంగతి, గది సంగతి, అన్నీ ఆ రోడ్డు పక్కనే చెప్పేశాను. ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది, తియ్యలేదు. అంతా విని ఊపిరి వదిలాడు. ఆ ఊపిరిలో కోపం కంటె ముందు వచ్చింది ఉపశమనం. తన తల తన దగ్గరే ఉందని తెలిసిన మనిషి ఊపిరి అది. కోపం ఆటో ఎక్కాక వచ్చింది. నా భుజం మీది చెయ్యి తీసేసి, సీటు ఆ చివరికి జరిగి కూర్చున్నాడు.

మూడో రోజు కబురు పెట్టాడు. ముందు ఆ అధ్యాయం చదవమన్నాడు. చదివాను. తల్లి ఆ ప్రశ్న అడిగే చోట ఆయన పెదాలు కదిలాయి. పూర్తయ్యాక, ఇంత శుభ్రంగా చేసిన పనిని పట్టుకుని మోసమన్నానని చాలా బాధపడ్డాడు. నేను క్షమించమని అడగబోతే ఆపేశాడు. “నాకు గాదు. నేను నిద్రవోయిననని నమ్మినోళ్లు ఉప్పల్ల ఉన్నరు. ఆ రచయిత మోసగాడని నా నోట విన్నోళ్లు గూడ ఆళ్లే. ఆడ చెప్పు.”

రెండో ఆదివారం ఇద్దరం వెళ్లాం. ఆయన ముందు తన వంతు తీసుకుని, ఆ డిటెక్టివ్ నవల మీద తన మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. అన్ని ముక్కలూ చేతికి ఇచ్చే ఓడించాడనీ, వంట పొగలో నేరాన్ని పెట్టడం చాలా పెద్ద పనితనమనీ చెప్పాడు. మరి అప్పుడెందుకు అలా అన్నారని టీచరమ్మ అడిగింది. ఆయన నా పేరెత్తలేదు. కూర్చున్నాడు.

నేను లేచాను. సభకేసి చూసి మాట్లాడాలనుకున్నాను గాని, ఆయన వైపే తిరిగాను. “అన్నా, ఆ రోజు మీరు నిద్రపోలేదు. ఆ పదకొండు పేజీలు నేనే చదవకుండా దాటేశాను. మీరు రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అబద్ధం చెప్పాను. ఇదే గదిలో మీరు నా తప్పు మీ మీద వేసుకుంటుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. మీ తల మీద మీకే అనుమానం వచ్చేలా చేశాను. నన్ను క్షమించండి” అన్నాను.