అమ్మ దగ్గును నేను దగ్గిన రోజులు

నా చిన్నప్పుడు నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, దగ్గడం. నాలుగో తరగతిలో బడి మానేశానని అందరికీ చెప్పుకుంటాను గానీ, నిజానికి బడే నాకు దండం పెట్టి సాగనంపింది. దగ్గులో మాత్రం ఫస్టు క్లాసు.

అప్పుడు మేము గద్వాలలో కూలోళ్ల గల్లీలో ఉండేవాళ్లం. నాన్న పోయాక మా అమ్మ మేస్త్రి దగ్గర తట్టలు మోసి నన్నూ అక్కనూ సాకింది. సర్కారు దవాఖానలో చీటీలు పొద్దున ఇచ్చేవారు, పన్నెండింటికల్లా తలుపులు మూసేవారు. అమ్మ పని దిగేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. ఒక్కపూట రాకపోతే మేస్త్రి ఆ తట్టను ఇంకొకరి నెత్తిన పెట్టేవాడు. అందుకని మా గల్లీలో ఒక పద్ధతి ఉండేది. రోగం పెద్దోళ్లది, దవాఖానకు పోయేది పిల్లలు. నొప్పి ఎక్కడో, జ్వరం ఎన్నాళ్లదో నేర్పించి పంపేవాళ్లు. అదంతా మనకే ఉన్నట్టు చెప్పి మందు తేవాలి.

అమ్మకు దగ్గు పట్టుకుంది. నేను ఖాళీ సీసా పట్టుకొని వరుసలో నిలబడి, అమ్మలాగే వంగి, పక్కటెముకలు పట్టుకొని దగ్గేవాణ్ని. కాంపౌండరు జాలిపడి సీసా నిండా ఎర్రమందు పోసేవాడు. ఇంటికొచ్చి ఆ నాటకం మళ్లీ ఆడి చూపిస్తే అమ్మ నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది. ఎవరిది అసలో ఎవరిది నకలో తెలియకుండా ఇద్దరం దగ్గేవాళ్లం.

మూడోసారి పోయినప్పుడు అక్కడి నర్సమ్మ నా వీపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు అట్లే ఉంచింది. తిట్టలేదు. పక్కకు తీసుకపోయి, "నీ ఛాతి సాఫుగున్నది నాయనా. గీ దగ్గు ఎవరిది?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. అమ్మదని చెప్పాను. దగ్గులో రక్తం పడుతోందని, అమ్మ చెప్పొద్దన్న మాట కూడా చెప్పేశాను.

"మనిషిని చూసి మందియ్యాలె బిడ్డా. రేపు అమ్మను తోల్కరా. తలుపులు మూసినంక గూడ నేను మెట్ల మీద కూసొని ఉంట," అంది.

అమ్మకు చెప్పాను. "రేపు స్లాబు పోసుడున్నది రా. స్లాబు నాడు ఇడిచిపోతే మల్ల పనికి పిలుస్తడా? ఎల్లుండి పోదాం," అంది.

మరునాడు నేనొక్కణ్నే పోయాను. ఎండలో, మెట్ల మీద, నర్సమ్మ నిజంగానే కూర్చొని ఉంది. నా వెనక ఎవరూ లేరని చూసింది. సంచి భుజానికేసుకొని, నా చెయ్యి పట్టుకొని పని కాడికి నడిచింది. మేము పోయేసరికి అమ్మను ఇసుక కుప్ప మీద పండబెట్టారు. తోటి కూలామె కొంగుతో అమ్మ మూతి తుడుస్తోంది. పైన స్లాబు పని ఆగలేదు. నర్సమ్మే బండి మాట్లాడి కర్నూలు పెద్ద దవాఖానకు తీసుకపోయింది. అమ్మ నాలుగు రోజులు కూడా బతకలేదు.

ఇప్పుడు మా గల్లీలోనే సర్కారు బస్తీ దవాఖాన పెట్టారు. ఈమధ్య, పని దిగి వచ్చేవాళ్ల కోసమని సాయంత్రం కూడా తెరుస్తున్నారు. బీపీ గోలీలకని పోయి బెంచీ మీద అందరినీ నవ్విస్తుంటాను. ఎవరైనా పిల్లలు అమ్మకు బదులు వచ్చామంటే మాత్రం నాకు నవ్వు రాదు. లేపి, అమ్మను తోల్కరమ్మని పంపిస్తాను.

మొన్న అక్క కూడా వచ్చింది. ఇన్నేళ్లూ లోపల పెట్టుకున్నదాన్ని నవ్వులాటకన్నట్టు అనేశాను. "నేను గంత మంచిగ దగ్గకుంటే, అమ్మను తెమ్మని మొదటినాడే అనెటోళ్లేమో అక్కా."

అక్క నా దిక్కు చూడలేదు. వరుసలో ఒకడుగు ముందుకు జరిగి, "గంత గొప్పోనివేం గాదు తియ్. గా దినాల్ల దవాఖాన మాపటిదాంక తెరిచుంటే, నిన్నెవరు తోలెటోళ్లు రా?" అంది.