తొంభై ఆరు తర్వాత నూట పదమూడు

2016 మార్చి 14న నన్ను కౌలాలంపూర్‌లోని ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత పుస్తకాల విభాగానికి మార్చారు. హోదా సీనియర్ కేటలాగర్. విరాళంగా వచ్చే పుస్తకాలను పరీక్షించి, తీసుకోవచ్చో లేదో పత్రం మీద రాయడం నా పని. ఆకులు పోయినవాటిని తీసుకునేవాళ్లం కాదు.

ఏప్రిల్ 6న కౌలా సెలంగోర్ నుంచి అప్పలసామిగారు, ఆయన భార్య గౌరమ్మగారు వచ్చారు. ఆయన పామాయిల్ తోటలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. తోట మేనేజరు వెళ్లిపోతూ ఇచ్చిన ఇంగ్లిష్ మతప్రసంగాల పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చారు. మూడు వందల ఏళ్లు దాటిన లండన్ అచ్చు.

"ముందే సెప్పేస్తన్నానమ్మా, పదారు పేజీలు లేవు. మాయావిడ ఎండుసేపలు పొట్లం కట్టీసినాది," అన్నారాయన.

"నలభై ఏళ్లనుండి ఇదే పాట లా! నాను ముట్టనేదంటే ఇనడు," అన్నారావిడ, మలేషియాలో అందరూ మాట చివర తగిలించే 'లా'తో సహా.

"మరి పేజీల్ని సేపలే తినీసినాయా?"

విప్పి చూశాను. 96వ పేజీకి ఎదురుగా 113 ఉంది. పత్రం మీద 'అసంపూర్ణం' అని రాసేశాను. గౌరమ్మగారు తువ్వాలు మడతపెడుతూ కూర్చున్నారు.

ఆకుల వరస కూడా నమోదు చేయాలన్నది నియమం. అందుకని పేజీల అడుగు భాగం చూశాను. ఆ కాలంలో లండన్ పుస్తక విక్రేత తన ఖర్చుతో అచ్చు వేయించి, చాలా పుస్తకాలను బైండు చేయకుండానే అమ్మేవాడు. బైండు చేసేవాడికి వరస తెలియడానికి ఒక్కో మడత, అంటే పదహారు పేజీలుగా మడిచిన ఒక్కో కాగితం, మొదట్లో అడుగున ఒక అక్షరం, పేజీ చివర తర్వాతి పేజీ తొలి మాట అచ్చువేసేవారు. తొందరైతే విక్రేత పనిని రెండు అచ్చుకూటాలకు పంచేవాడు. రెండోచోట పేజీ అంకెను అంచనాతో మొదలుపెట్టేవారు. అది ఒక్కోసారి తప్పేది. ఇక్కడా అదే జరిగి ఉండాలి. 96 జి మడతలో చివరి పేజీ, 113 హెచ్ మడతలో మొదటి పేజీ. 96 అడుగున ఉన్న మాటతోనే 113 మొదలైంది.

ఒక్క ఆకూ పోలేదని చెప్పాను. అప్పలసామిగారు రెండు అక్షరాలనూ వేలితో తడిమి చూశారు.

"అయితే లండనోడు తప్పు సేసినాడన్నమాట."

"ఆడు ఒక్కపాలే సేసినాడు. నువ్వో?" అన్నారు గౌరమ్మగారు.

ఆయన తల గోక్కున్నారు. "సర్లే, తప్పయిపోనాది."

"నోటిమాట సాల్దు. అమ్మా, నువ్వు కాయితం మీద రాసి ముద్దరెయ్యి లా. కూతుళ్లకి సూపించాల."

మొదటి పత్రం కొట్టేసి కొత్తది రాశాను: 'సంపూర్ణం. ఆకులేవీ పోలేదు.' పుస్తకాన్ని ఆయన పేరున తీసుకున్నాం. ముద్ర వేసిన నకలు ఆవిడ చేతికిచ్చాను.

లోపం ఉందని రాసే ముందు ఆకుల వరస సరిచూడాలి. ఇది నేను నేర్చుకునేసరికి నా సర్వీసుకు ఇరవై ఏడేళ్లు నిండాయి.