మంగళవారం మాత్రమే ఏడ్చిన పిల్ల

2023 వానాకాలం. ఊరూరా కళ్ళకలక తిరుగుతున్న రోజులు. జూలూరుపాడులో మా విజన్ సెంటర్ అంటే రెండు గదులు, గోడకు ఒక అక్షరాల చార్టు, కళ్ళద్దాల ఫ్రేములున్న ఒక బీరువా, నేను. నేను ఆప్టోమెట్రిస్టును. అంటే ఆపరేషన్లు చేసే డాక్టర్ని కాదు. చూపు కొలిచి, అద్దాలు రాసి, నా చేతిలో లేని కేసు అనిపిస్తే ఖమ్మం పెద్ద దవాఖానాకు పంపించే మనిషిని. పదకొండేళ్ళుగా ఇదే పని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. సంతోషం కూడా అక్కడే ఉంటుందని మాత్రం ఒప్పుకోదు.

ఆ మంగళవారం పొద్దున్నుంచి ఎర్ర కళ్ళు చూసీ చూసీ విసిగిపోయి ఉన్నాను. అప్పుడు వచ్చింది సరోజ. దగ్గర్లోని తండా మనిషి. కొత్తగూడెంలో ఒక బట్టల దుకాణంలో పని చేస్తుంది, మంగళవారం సెలవు. వెంట కూతురు నందిని, ఆరున్నరేళ్ళది. పిల్ల కళ్ళు రెండూ శుభ్రంగా ఉన్నాయి.

"కలక తగ్గిపోయింది కదమ్మా, ఇంకేంది?" అన్నాను.

"కలక కోసం రాలే మేడం. కుడి కన్ను వాచి మూసుకపోయిన రెండు దినాలు పిల్ల తలుపు గుద్దుకున్నది. టీవీ ముంగట కూసోని బొమ్మ ఏడున్నదని అడిగింది. ఎడమ కన్ను మంచిగనే ఉండె కదా, మరి ఎందుకు కనపడలే?"

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఇంత మంచి ప్రశ్న వేసిన తల్లి నాకు అంతవరకు తగల్లేదు. అదే ప్రశ్న ఆమె అప్పటికే రెండు చోట్ల అడిగి వచ్చిందట. ఒకాయన చుక్కల మందిచ్చి పంపాడు. ఇంకొకాయన కలక వల్ల వచ్చిన నీరసం అన్నాడు. ఇంట్లోవాళ్ళు పెద్దయితే అదే పోతుందన్నారు.

"నాకైతే మనసు ఒప్పుకుంటలేదు మేడం" అంది సరోజ.

కుడి కన్నుతో నందిని చార్టు అడుగు వరస దాకా గడగడా చదివేసింది. కుడి కన్ను మూసి ఎడమ కన్నుతో చదవమంటే పైన ఉన్న పెద్ద అక్షరం ఒక్కటే చెప్పి, నేల చూపులు చూసింది. మా భాషలో దీన్ని సిక్స్ బై సిక్స్టీ అంటాం. మామూలు కన్ను అరవై మీటర్ల నుంచి పోల్చుకునే అక్షరాన్ని ఈ కన్ను ఆరు మీటర్ల దగ్గరకు వస్తేగానీ పోల్చుకోలేదు. రెటినోస్కోపీ చేశాను, అంటే కంట్లోకి వెలుగు వేసి పవర్ ఎంతో పట్టుకునే పరీక్ష. ఎడమ కన్నుకు పెద్ద ప్లస్ పవర్ ఉంది. మెల్ల లేదు, పువ్వు లేదు, బయటికి ఏమీ కనపడదు. అందుకే పుట్టినప్పటి నుంచి ఎవరికీ అనుమానం రాలేదు. కుడి కన్ను బాగా చూపిస్తుంటే మెదడు ఎడమ కన్నును పట్టించుకోవడం మానేసింది. దీని పేరు ఆంబ్లియోపియా, మామూలుగా లేజీ ఐ అంటాం.

ఖమ్మం పంపించాను. మొదటిసారి డాక్టరుగారు ఆపరేషన్లలో ఉన్నారని వెనక్కి పంపారు. సరోజ మళ్ళీ మంగళవారం పిల్లను బస్సెక్కించింది. కళ్ళలో చుక్కలు వేసి లోపలి పొరలన్నీ చూసి, జబ్బేమీ లేదన్నారు. ఎప్పుడూ అద్దాలు పెట్టుకోవాలి, రోజూ నాలుగు గంటలు కుడి కన్నుకు ప్యాచ్ వేయాలి. ప్యాచ్ అంటే చర్మానికి అతుక్కునే పట్టీ, మంచి కన్నును మూసి పనంతా రెండోదాని మీద వేసేది. కన్ను నేర్చుకునే వయసు ఇదేనని, ఏడెనిమిదేళ్ళు దాటితే చాలా కష్టమవుతుందని కూడా చెప్పారట. ఆ మాట విన్నప్పటి నుంచి సరోజ వేళ్ళ మీద నెలలు లెక్క పెట్టడం మొదలుపెట్టింది.

ప్యాచ్ గురించి ఆమెకు మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తిరిగి అప్పజెప్పింది.

"నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఎనిమిదైతది మేడం. బడి నుంచి వచ్చినంక మా అత్తమ్మ అతికిస్తది. కుడి కన్నుకే అని మంచిగ చెప్పిన."

సరే అన్నాను. నెల తర్వాత ఎలా సాగుతోందని అడిగాను.

"మంగళవారం నేనుండి పెడితే ఏడ్సి ఆగం చేస్తది. మిగతా దినాలు అత్తమ్మ దగ్గర కిక్కురుమనకుండ పెట్టుకుంటదట!"

"చూశావా, నాయనమ్మలకు ఉన్న ఓపిక మనకేది?" అని మెచ్చుకున్నాను. ఆ మాట నేనే అన్నాను! ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తి మీద నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

రెండు నెలలు గడిచాయి. మళ్ళీ చార్టు ముందు నిలబెట్టాను. మళ్ళీ అదే ఒక్క పెద్ద అక్షరం. నాకు ఒళ్ళు మండింది. "నువ్వు సరిగ్గా పెట్టడం లేదమ్మా, పెట్టి ఉంటే ఒక్క వరసైనా రాదా?" అని అరిచేశాను. సరోజ కళ్ళనిండా నీళ్ళు. "నా బిడ్డ కన్ను మీద ఒట్టు మేడం. ఒక్క దినం తప్పలే. ఇంకేం చెయ్యాలె నేను? ఇంక మూడు నెలలైతే ఏడు నిండుతయి దానికి."

ఆ ఏడుపు చూడలేక పిల్ల వైపు తిరిగి దాని అద్దాలు తీశాను. కిటికీ వెలుగు ముఖం మీద పడింది. ఎడమ కంటి చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి చార! ఎండ తగలక, జిగురుకు చర్మం పాలిపోయిన గుర్తు. కుడి కంటి చుట్టూ ఏమీ లేదు.

"నందూ, నాయనమ్మ పట్టీ ఏ కన్నుకు పెడతది?"

ఎడమ కన్ను చూపించింది.

"మరి అమ్మ?"

కుడి కన్ను చూపించి, మూతి ముడిచింది.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. దొరికింది! కన్ను మొండికేయలేదు, చికిత్స తప్పు కాదు. బాగున్న కన్ను హాయిగా పని చేస్తుంటే, బద్ధకపు కన్ను రోజూ నాలుగు గంటలు పట్టీ కింద నిద్రపోతోంది. మంగళవారం ఒక్కరోజే దాన్ని లేపుతున్నారు, అందుకే ఆ ఒక్కరోజు ఏడుపు. సరోజ ముఖం ఎర్రబడింది. ఆదివారం నేనే వస్తానని చెప్పి, ఇంటికి పోయి గొడవ పెట్టుకోనని ఆమె చేత మాట తీసుకున్నాను.

ఆదివారం చర్చి అయిపోగానే స్కూటీ తండా వైపు తిప్పాను. సరోజ డ్యూటీలో ఉంది. ఆమె అత్తగారు కమ్లీ ఇంటి ముందు కూర్చుని రవిక గుడ్డకు అద్దాలూ పూసలూ కుడుతోంది. నందిని ఎడమ కన్నుకు పట్టీ పెట్టుకుని వాకిలంతా గెంతుతోంది.

"అవ్వా, కుడి కన్నుకు కదా పెట్టమన్నది?" అన్నాను, గొంతు వీలైనంత తగ్గించి.

ఆమె సూది ఆపలేదు. "దెబ్బ తాకిన కాలుకు కట్టు కడ్తరా, మంచిగున్న కాలుకు కడ్తరా బిడ్డా? మొదటి దినం కోడలు చెప్పినట్టే పెట్టిన. పిల్ల గడప తన్నుకోని పడ్డది. గుడ్డిదాని లెక్క గోడ పట్టుకోని నడుస్తుంటే నా పానం ఆగలే. అప్పటిసంది పాడైన కన్నుకే పెడుతున్న. దానికి జర సుఖం ఉంటది."

ఆమె లెక్కలో తప్పెక్కడుంది?

నందినిని దగ్గరకు పిలిచి పట్టీ కుడి కన్నుకు మార్చాను. కమ్లీ పళ్ళెంలో ఒక్క సన్న పూస ఉంచి తియ్యమన్నాను. పిల్ల వేళ్ళు పూస పక్కనుంచే రెండుసార్లు పోయాయి.

"సూడు, గిట్లనే తడుముకుంటది! తియ్యి ఆ పట్టీ" అని కమ్లీ లేవబోయింది.

"ఇది పట్టీ వల్ల కాదవ్వా. ఆ కన్నుకు ముందు నుంచీ ఇంతే కనపడుతున్నది. పనంతా కుడి కన్నే చేసి పెడుతుంటే దీనికి పని రాకుండా పోయింది. ఇప్పుడు నేర్పియ్యకపోతే ఇక జన్మలో నేర్చుకోదు."

ఆమె పిల్ల వేళ్ళనే చూసింది. తర్వాత మెల్లగా అంది. "అంటే, బలమున్న ఎద్దును విప్పేసి మొండి ఎద్దునే నడిపియ్యాలంటవ్."

"అవ్! అవ్, అదే!" గట్టిగా అరిచాను. పక్కింటివాళ్ళు తొంగి చూశారు.

"మరి గీ ముక్క నాకెవరు చెప్పిండ్రు? కుడి కన్నుకు పెట్టు అన్నది కోడలు, గంతే. రెండు నెలలు నా చేతులతోనే బిడ్డ కన్ను పండవెట్టిన్నా?" ఆమె పిల్లను ఒళ్ళోకి లాక్కుంది.

"పోయిన రోజులు పోయినయి. ఇకనుంచి అది ఏడుస్తది, నువ్వు కరగొద్దు."

"ఏడ్వనియ్యి. నేను గూడ ఏడుస్త. పట్టీ మాత్రం తియ్య."

అన్నంత పనీ చేసింది! ప్యాచ్ వేసినప్పుడు కన్నుకు దగ్గరి పని చెప్పాలి, లేకపోతే సగం ఫలితమే. నేను బొమ్మలకు రంగులు వేయమని చెబుతుంటాను. కమ్లీ తన డబ్బా ముందు పెట్టింది. మొదట పెద్ద పూసలు, తర్వాత గవ్వలు, తర్వాత సన్న పూసలు దారానికి ఎక్కించడం. ఒకరోజు సెంటర్ నిండా జనం ఉండగా సరోజ దుకాణం నుంచి ఫోన్. "మేడం, అత్తమ్మ ఇప్పుడే ఫోన్ చేసింది, నందు ఎడమ కన్నుతోని సన్న పూస ఎక్కిచ్చిందట!" అటు ఆమె కేక, ఇటు నా కేక. వరసలో ఉన్నవాళ్ళు ఏమైందోనని లేచి నిలబడ్డారు.

చార్టు మీద వరసలు కదలడం మొదలయ్యాయి. రెండో వరస, నెలకు మూడోది. సంక్రాంతి దాటాక ఐదో వరస. ఎండాకాలం సెలవుల్లో వచ్చినప్పుడు, కింది నుంచి రెండో వరసను ఎడమ కన్నుతో చదివింది. సరోజ, కమ్లీ ఇద్దరూ వచ్చారు ఆ రోజు. నా చేతులు ఆగలేదు. బీరువాలోంచి స్టీరియో టెస్ట్ తీశాను. రెండు కళ్ళూ కలిసి పని చేస్తున్నాయో లేదో చెప్పే పుస్తకం అది. అందులో పెద్ద ఈగ బొమ్మ ఉంటుంది. ప్రత్యేకమైన నల్లద్దాలు పెట్టుకుని చూస్తే, రెండు కళ్ళ చూపూ కలిసినవాళ్ళకు ఈగ కాగితం మీద నుంచి పైకి లేచినట్టుంటుంది. ఒక్క కంటితో బతికేవాళ్ళకు ఉత్త బొమ్మే.

"నందూ, ఈగ రెక్క పట్టుకో" అన్నాను.

చెయ్యి చాపింది. కాగితానికి జానెడు ఎత్తులోనే ఆగింది. "వామ్మో!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. మళ్ళీ మెల్లగా వచ్చి, గాలిలోనే రెండు వేళ్ళతో రెక్కను పట్టుకుంది.

"గాలిని పడుతున్నదేంది?" అంది కమ్లీ కంగారుగా.

"రెండు కళ్ళూ కలిసి చూస్తున్నయవ్వా. రెండూ!"

సరోజ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. కోడలి భుజం పట్టుకుని కమ్లీ మాత్రం బాహాటంగానే ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

కన్ను గురించి ఆ తల్లి అడగాల్సిన ప్రశ్నలన్నీ అడిగింది. అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగనిది నేనే. ఇప్పుడు ఏ బిడ్డకు ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చినా, చార్టు వెలిగించకముందే అడుగుతున్నాను. "బడి నుంచి వచ్చినంక పిల్ల ఎవరి దగ్గర ఉంటది?" తాత కావచ్చు, అక్క కావచ్చు, పక్కింటి పెద్దమ్మ కావచ్చు. ఆ మనిషి వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చునేదాకా ప్యాచ్ డబ్బా ఎవరి చేతికీ ఇవ్వను.