ఉద్దనపల్లి రోడ్డులో తల తట్టి చూపించినవాడు

ఇది జరిగింది. ముందే చెప్పేస్తున్నాను... మధ్యలో లేచి "అవ్వ కల కన్నది" అనేవాళ్ళు ఇప్పుడే లేచి పొండి. నేను చదివింది మూడో తరగతి. కథలు అల్లేంత చదువు నాకు లేదు. దయ్యాలకు భయపడేంత తీరికా లేదు. అమావాస్యకు గడప ముందర తొక్కి పారెయ్యమన్న నిమ్మకాయను కూడా దండగ అని ఊరగాయ జాడీలో వేసినదాన్ని.

అట్లాంటి నేను చెప్తున్నాను. ఆ రాత్రి మాకు ఒకడు ఎదురొచ్చాడు. ఒక్కసారి కాదు.

బండి నడిపేవాళ్ళు హెల్మెట్ పెట్టి తీరాలని ఆర్డరు వచ్చిన కొత్తలు అవి. హోసూరంతా అదే రభస. మా వీధిలో ఏ అరుగు మీద చూసినా అదే మాట. పెట్టుకుంటే మెడ నొప్పి అని ఒకరు, చెవులు వినపడవని ఒకరు. ఎదురింటి నాగరాజప్ప అయితే జుట్టు ఊడిపోతుందని గొంతు చించుకున్నాడు.

"ఊడేదానికి నీ నెత్తిన ఏముండాదప్పా?" అని అడిగాను. అందరూ నవ్వారు. ఆయన ఆ తర్వాత నాతో చాలా రోజులు మాట్లాడలేదు. నాకేం నష్టం? లేదు.

ఆ రోజుల్లో మా పక్క బండివాళ్ళకు ఒక అలవాటు ఉండేది. ఎదురొచ్చే బండివాడు అరచేత్తో తన తల మీద తట్టుకుని చూపిస్తాడు. ముందర పోలీసు చెకింగు ఉందని గుర్తు. అది చూసిన వెంటనే ఇటువైపువాడు హ్యాండిల్‌కు వేలాడే హెల్మెట్ తీసి నెత్తిన పెట్టుకుంటాడు. లైసెన్సు కూడా లేనివాడైతే పక్కదారి పడతాడు. చెప్పినవాడు ఎవడో తెలియదు. ఊరు తెలియదు, పేరు తెలియదు. అయినా నమ్ముతారు. కన్నతల్లి చెప్తే మాత్రం నమ్మరు.

నా మనవడు మునిరాజు కూడా అంతే. నా కొడుకు కొడుకు. మీసం సరిగా రాలేదు, బండి మాత్రం వచ్చేసింది. లైసెన్సు పరీక్షకు పోయి, గ్రౌండులో బండితో ఎనిమిది అంకె వెయ్యమంటే మలుపులో కాలు కింద పెట్టాడు. పక్కనున్న ఆడపిల్లలు నవ్వారంట. ఆ సిగ్గుతో మళ్ళీ పోలేదు. అప్పటికి వాడు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ట్రైనింగు ముగించాడు. పర్మనెంటు ఆర్డరు చేతికి రావలసి ఉంది. ఇంట్లో అందరి ఆశా దాని మీదే. పోలీసు కేసు పడితే కంపెనీవాళ్ళు పర్మనెంటు చెయ్యరని ఎవడో వాడి చెవిలో ఊదాడు. అప్పటి నుంచి వాడికి లారీ అంటే భయం లేదు, గుంత అంటే భయం లేదు. ఖాకీ గుడ్డ ఒక్కటే భయం.

చలికాలం. ఉద్దనపల్లిలో మా చెల్లెలు లచ్చమ్మ మనవరాలికి పేరు పెట్టే పండగ అయితే పోయాను. తిరిగి వచ్చే బస్సు రాలేదు. చీకటి పడింది. ఫోను చేయిస్తే మునిరాజే వచ్చాడు, వాళ్ళ నాయన పాత బండి వేసుకుని.

"హెల్మెట్ యాడరా?"

"ఇదో, హ్యాండిల్‌కుంది కదా అవ్వా."

"నెత్తికి పెట్టు."

"చెవులు గుయ్యమంటాయి అవ్వా. ఎదురొచ్చేవాళ్ళు చెప్తారులే."

లచ్చమ్మ తోటలో కోసిన అనపకాయలు, అదే అనప చిక్కుళ్ళు, ఇస్తానంది. సంచి లేదు. నేను ఆ హెల్మెట్ లాగి, వెల్లకిలా తిప్పి, కాయలు దాని నిండా పోయించుకున్నాను. ఎట్లాగూ తలకు ఎక్కనిది, సంచిగానైనా పనికి రానీ అని.

"అక్కా, నువ్వు పాడెకు కట్టిన తాడు కూడా విప్పుకుని ఇంటికి తెచ్చుకునే రకం" అంది లచ్చమ్మ.

"గట్టి తాడైతే ఎందుకు తెచ్చుకోను?" అన్నాను.

బయలుదేరాం. ఒక పక్కకు కాళ్ళు వేసి కూర్చున్నాను. ఒళ్ళో హెల్మెట్. దాని చుట్టూ నా రెండు చేతులూ. ఇది గుర్తు పెట్టుకోండి... రెండు చేతులూ. వాడి వీపుకు నా భుజం ఆనించుకుని కూర్చున్నాను, అంతే.

మంచు దిగుతోంది. రోడ్డు మీద మేము తప్ప ఎవరూ లేరు. చైను కవరు వదులుగా ఉండి టకటక... టకటక... అని కొట్టుకుంటోంది. అది బిగించరా అని ఎన్నిసార్లు చెప్పానో.

అప్పుడు ఎదురుగా ఒక లైటు. పసుపుగా, మసగ్గా. దగ్గరికి వచ్చింది. బండి మీద ఒక్కడే. తెల్ల చొక్కా. మమ్మల్ని దాటుతూ చెయ్యెత్తి తల మీద తట్టి చూపించాడు. పోయాడు.

మునిరాజు బండి నెమ్మది చేశాడు. "చెకింగు అవ్వా."

"ఈ చలిలో ఏ పోలీసు నిలబడతాడురా?"

"వాళ్ళకేం, స్వెట్టరు ఉంటాది. పట్టుకుంటే లైసెన్సు అడుగుతారు. కేసు రాస్తే నా పని అయిపోతాది."

అక్కడ ఎడమ చేతి వైపు నీలగిరి చెట్ల తోపులోకి ఒక మట్టిదారి ఉంది. చెకింగు ఉన్నప్పుడు బండ్లన్నీ అందులో దూరి, రాళ్ళ క్వారీ పక్కగా పోయి, అవతల మళ్ళీ రోడ్డుకు ఎక్కుతాయి. వీడూ దాంట్లోకి తిప్పాడు.

తిరిగిన తర్వాత నాకు తోచింది. ఎదురొచ్చిన ఆ బండికి చప్పుడు లేదు. మా చైను టకటక తప్ప ఇంకేమీ వినలేదు నేను. ముసలి చెవులు కదా... అనుకున్నాను.

తోపులో గాలి లేదు. చక్రాల కింద ఎండాకు నలుగుతోంది. దారంతా గుంతలు. మా లైటు పైకి, కిందికి, చెట్ల మీదికి ఎగిరెగిరి పడుతోంది.

ముందర... చెట్ల మధ్య... మళ్ళీ ఒక లైటు.

పసుపుగా, మసగ్గా.

అదే గుంతల దారి. అవే గుంతలు. ఆ లైటు మాత్రం ఎగరడం లేదు. తీగ కట్టి లాగినట్లు సమంగా వస్తోంది.

దగ్గరికి వచ్చాడు. తెల్ల చొక్కా. చెయ్యెత్తాడు. తట్టాడు. ఈసారి నాకు చప్పుడు వినిపించింది.

చప్... చప్...

తల మీద తడితే వచ్చే చప్పుడు కాదు అది. మీలో రాగి రొట్టె తట్టినవాళ్ళు ఉన్నారు కదా. తడి పిండి మీద అరచెయ్యి పడితే ఎట్లుంటుంది? అట్లా. మెత్తగా. అంటుకుని విడిచినట్లు.

"ఈడ కూడా చెకింగు పెట్టినారా, వీళ్ళ కడుపు కాల" అన్నాడు మునిరాజు.

"ఒరే, వాడు ముందర చూసినవాడేరా! అట్ల పోయినోడు ఇట్లెట్ల వచ్చినాడు? నిలుపు బండి!"

"సుమ్మనుండు అవ్వా, అరవద్దు. పట్టుకుంటారు."

వాడు నిలపలేదు. కుడి చేతి వైపు బండి బాట ఒకటి కనిపిస్తే అందులోకి తిప్పాడు. అది ఒకప్పుడు క్వారీ నుంచి రాళ్ళు లాగిన బాట. పగలు కూడా ఎవరూ పోరు. రెండు పక్కలా కోసి పారేసిన బండలు, నల్లగా, నా ఎత్తు. నేను మోచేత్తో వాడి వీపులో పొడిచాను. అరిచాను. వాడు ఇంకా వేగం పెంచాడు. పోలీసులు వెంట పడ్డారన్నట్లు.

మూడోసారి లైటు ముందర నుంచి రాలేదు.

మా పక్కనే వెలిగింది. నా కాళ్ళు వేలాడే వైపు. మా బండితో సమంగా వస్తోంది. అక్కడ దారి లేదు... వరసగా బండలు. ఆ బండల మీదుగా వస్తోంది.

నేను చూశాను. చూడకూడదని తెలుసు. అయినా చూశాను.

చొక్కా కాలరు కనిపించింది. ఒక గుండీ లేదు. చెయ్యి పైకి లేచింది. నిదానంగా. వేళ్ళు విప్పి ఉన్నాయి. ఆ చెయ్యి దిగింది... తల ఉండవలసిన చోటికి దిగింది. ఆగలేదు. ఇంకా దిగింది. నుదురు ఉండవలసిన చోటు దాటింది. కళ్ళు ఉండవలసిన చోటు దాటింది...

చప్.

మా ముందు చక్రం రాయికి తగిలింది.

నేను ఆకుల మీద పడ్డాను. మణికట్టు విరిగింది. కొంచెం సేపు ఏమీ వినపడలేదు. తర్వాత వెనక చక్రం తిరిగే చప్పుడు. తర్వాత అదీ ఆగింది. పాక్కుంటూ పోయాను. మునిరాజు పడి ఉన్నాడు. మిషనుతో కోసిన బండ అంచు మీద వాడి తల. కొంగు అదిమి పెట్టాను. కొంగు నిలవలేదు. వేళ్ళ సందుల్లో నుంచి వెచ్చగా కారింది. కాయలన్నీ పారబోసుకుని హెల్మెట్ నా కాళ్ళ దగ్గర దొర్లి ఉంది. దానికి గీత కూడా పడలేదు.

ఆ పసుపు లైటు లేదు. తెల్ల చొక్కా లేదు. కాస్త ముందర నల్లగా ఏదో కనిపిస్తే రాయి విసిరి చూశాను. చాలా సేపటికి కింద నీళ్ళ చప్పుడు వచ్చింది. క్వారీ గుంత. రాయికి తగలకుండా ఉంటే ఇద్దరం అందులోకే.

ఎంతసేపు అట్లా కూర్చున్నానో తెలియదు. అప్పుడు ఒక టెంపో వచ్చింది, టమోటా బుట్టలతో. ఎవరూ రాని ఆ బాటలో. పడుచువాడు ఒకడు దిగి పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యో, ఏమైందమ్మా! పిల్లోడు ఉండాడా?"

"ఊపిరుంది. ఎత్తప్పా. ముందు ఎత్తు."

ఇద్దరం ఎత్తి బుట్టల మధ్య పడుకోబెట్టాం. దారిలో అడిగాను.

"నువ్వు ఈ దారికి ఎందుకొచ్చినావప్పా?"

"మెయిన్ రోడ్డులో ఒకడు ఎదురొచ్చి తల తట్టి చూపించినాడమ్మా. నాకూ లైసెన్సు లేదు. తోపులోకి తిరిగితే ఆడ కూడా తట్టినాడు. ఇట్ల తిప్పినాను."

"మనిషి ఎట్లుండాడు?"

"మొహం కనపళ్ళేదమ్మా" అన్నాడు. "చెయ్యి మాత్రమే కనపడింది."

హోసూరు ఆసుపత్రి గేటు దగ్గర దించాడు. పేరు అడిగేలోపల టెంపో తిప్పుకుని పోయాడు. లైసెన్సు లేనివాడు పోలీసులకు సాక్షి చెప్తాడా? ఆ తర్వాత నా కొడుకు సంతలో, మండీలో ఎంత వెతికినా కనిపించలేదు. స్టేషనులో కూడా అడిగాడు. ఆ రాత్రి ఆ రోడ్డులో చెకింగే లేదన్నారు.

మునిరాజు బతికాడు. ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు అన్నాడు. బతికి ఏం లాభం అని నేను అనను, తిండి పెట్టేది మేమే కదా. కుడి చెయ్యి పట్టు లేదు. చొక్కా గుండీ వాళ్ళమ్మ పెట్టాలి. ఆ పర్మనెంటు ఇంకొకడికి పోయింది.

చాలా నెలలకు వాడికి మాట వచ్చింది. మాట వచ్చిన కొన్నాళ్ళకు, వాళ్ళమ్మ పద్మ అన్నం కలిపి పెడుతుంటే అడిగింది. "ఎదురొచ్చినోడు ఎట్లుండాడు నాయనా? అవ్వ చెప్తా ఉండాదే?"

వాడు ముద్ద మింగాడు. "ఎవరూ రాలేదమ్మా."

నేను అక్కడే ఉన్నాను. మరమరాలు చెరుగుతున్నాను. చేట ఆగిపోయింది.

"ఎవరూ రాకపోతే తోపులోకి ఎందుకు తిప్పినావురా?" అని పద్మే అడిగింది.

"అవ్వే కదా. వెనక నుంచి నా తల మీద తట్టతా ఉండింది. తిరుగు, తిరుగు అని. తట్టినప్పుడల్లా చెకింగనుకుని తిరిగినాను."

పద్మ నా వైపు చూసింది. "ఏమత్తా?" అంది. ఆ రెండు మాటలే. కొట్టినా అంత తగిలేది కాదు.

"నా రెండు చేతులూ హెల్మెట్ మీద ఉండాయి కదే! కాయలు పడిపోతాయని పట్టుకోని ఉండా!"

"చెయ్యి తడిగా ఉండింది అవ్వా" అన్నాడు మునిరాజు, నా వైపు చూడకుండా. "చల్లగా. జుట్టుకు అంటుకుంటా ఉండింది."

కోడలు వాడి మాటే నమ్మింది. తల్లి కదా, నమ్మనీ. నా కొడుకు ఏ మాటా నమ్మలేదు, అందరికీ దూరంగా కూర్చుని బీడీ కాల్చాడు. నాకు సాక్షి చెప్పగలిగినవాడు ఆ టెంపోవాడు ఒక్కడు. వాడూ లేడు.

మీరు హెల్మెట్ పెట్టుకోండి, పెట్టుకోకపోండి. లైసెన్సు తీసుకోండి, తీసుకోకపోండి. మీ తల, మీ ఇష్టం. పగిలిన తల ఎట్లుంటుందో నా అరచేతులకు తెలుసు, అంతే చెప్తాను.

మమ్మల్ని గుంత దాకా తీసుకుపోయింది ఆ తెల్ల చొక్కావాడే. టెంపోను అక్కడికి పంపించిందీ వాడే. చంపాలనుకున్నాడా? బతికించాలనుకున్నాడా? లేక అటూ ఇటూ పోయేవాళ్ళతో ఊరికే ఆడుకున్నాడా? ఎన్ని రాత్రులు ఆలోచించినా తేలలేదు.

శనివారం శనివారం మునిరాజు తలకు నూనె పెట్టడం నా పని. వాడు పుట్టినప్పటి నుంచీ నేనే. ఇప్పుడు గిన్నె పట్టుకుని పోయి, చెయ్యెత్తుతాను... వాడు రెండు మోచేతులూ అడ్డం పెట్టుకుని గోడకు ఒదిగిపోతాడు.

"నేనేరా" అంటాను.

"తెలుసు అవ్వా" అంటాడు. మోచేతులు దించడు.