ఎల్లయ్య ఇచ్చిన డైరెక్టు కనెక్షన్

కొత్తగూడ చౌరస్తాలో రేకుల షెడ్డు కింద బ్యాటరీల దుకాణం పెట్టుకున్న ఎల్లయ్యకు మాట తక్కువ, పనితనం ఎక్కువ. సదాశివపేట నుంచి వచ్చి పాతికేళ్లుగా బొంబాయి హైవే మీద తిరిగే లారీలకు, టాక్సీలకు వైరింగ్ చేస్తున్నాడు. కరెంటు కొలిచే మీటర్లు గీటర్లు ఆయనకు గిట్టవు. హోల్డరులో ఒక బల్బు, దానికి రెండు పొడుగాటి తీగలు, అంతే ఆయన సరంజామా. దాంతోనే ఏ బండి జబ్బయినా పట్టేస్తాడని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. ఎవరైనా పొగిడితే వినబడనట్టు పని చేసుకుంటాడు గానీ, లోపల తెగ మురిసిపోతాడు.

1999 ఎండాకాలానికి ఆ పేరు హైటెక్ సిటీ దాకా పాకింది. అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు ప్రవీణ్, కడప మనిషి, కొత్తగా ఎస్టీమ్ కారు కొన్నాడు. కొన్న వారానికే వాళ్లమ్మ జయమ్మ డ్రైవరును తీసుకుని షెడ్డుకు వచ్చి, డాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ పెట్టించింది. బొమ్మ వెనక చిన్న బల్బు. స్వామి దగ్గర దీపం ఎప్పుడూ ఆరకూడదని ఆమె పట్టుబట్టింది. ఎల్లయ్య తనకు అలవాటైన పద్ధతిలోనే, కారు తాళంతో నిమిత్తం లేకుండా, బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగాడు. ఎన్ని టాక్సీలకు అలా వేశాడో ఆయనకే గుర్తు లేదు. ఒక్కటీ వెనక్కి రాలేదు.

నెల తిరక్కుండానే కారు మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున ఆఫీసు సెల్లారులో పెట్టిన కారు సాయంత్రం తాళం తిప్పితే టిక్కుమని ఊరుకునేది. కొత్త బ్యాటరీ వేయిస్తే ఐదో రోజుకు మళ్లీ అదే తంతు. సెక్యూరిటీ వాళ్లు నలుగురు తోస్తుంటే, మెడలో కార్డులు వేసుకున్న కుర్రాళ్లు నిలబడి వినోదం చూశారు. ప్రవీణ్‌కు తల కొట్టేసినట్టయింది.

ఆయన అనుమానం తిన్నగా డ్రైవరు మీదికి పోయింది. డ్రైవరు నర్సింలుది వికారాబాద్ పక్కన పల్లె. హఫీజ్‌పేటలో ఒక గది కిరాయికి తీసుకుని, భార్యనూ ఏడాది పాపనూ తెచ్చుకుని ఇంకా ఆర్నెల్లు కాలేదు. సార్లు పైన పని చేసుకుంటుంటే డ్రైవర్లు కింద కార్లలో కూర్చుని టేపులో పాటలు వింటారనేది ఆ సెల్లారులో అందరికీ తెలిసిన సంగతే. నువ్వూ అదే చేసి బ్యాటరీ దించేస్తున్నావని ప్రవీణ్ తేల్చేశాడు. నెలాఖరుకు వేరే చోటు చూసుకోమన్నాడు. అయినా కారు సంగతి ఒకసారి చూడమని ఎల్లయ్యకు కబురు పంపాడు. ఇది తేలిస్తే కంపెనీ కార్లు ఆరింటి పనీ నీకే అన్నాడు. ఆరు కార్లంటే రేకుల షెడ్డుకు మాటలా! ఎల్లయ్య ఛార్జి చేసిన బ్యాటరీని స్కూటరు మీద పెట్టుకుని ఉత్సాహంగా బయల్దేరాడు.

సెల్లారులో బ్యాటరీ బిగించి, ఒక వైపు కేబుల్ ఊడదీసి, ఆ మధ్యలో తన బల్బు తీగలు కలిపాడు. బండి ఆపి ఉన్నప్పుడు ఆ బల్బు వెలగకూడదు. వెలిగిందంటే ఎక్కడో కరెంటు కారిపోతున్నట్టే. వెలిగింది, మందంగా. హోల్డరు చేత్తో పట్టుకుని డ్రైవరు సీట్లోకి వచ్చి ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాడు. ముందు లోపలి లైటుది, తర్వాత హారనుది. టేపు ఫ్యూజు పీకేటప్పుడు ప్రవీణ్ కూడా వంగి చూశాడు. అన్నీ పీకినా బల్బు ఆరలేదు.

అంటే ఫ్యూజు డబ్బాను తాకని తీగ ఏదో ఉంది. ఎల్లయ్య తలెత్తితే ఎదురుగా స్వామి. ఎప్పుడూ ధగధగలాడే దీపం ఇవాళ తన చేతిలో బల్బులాగే మినుకుమినుకుమంటోంది. బొమ్మ వెనక చెయ్యి పెట్టి తీగ ఊడదీశాడు. చేతిలో బల్బు ఠక్కున ఆరిపోయింది.

కరెంటు కారిపోతున్నది తను లాగిన తీగలోంచే. టాక్సీ రోజంతా తిరుగుతుంది కాబట్టి దీపం తాగిన కరెంటును ఇంజను ఎప్పటికప్పుడు నింపేస్తుంది. ఈ కారు ఇరవై నిమిషాలు నడిచి పది గంటలు నిలబడుతుంది. ఆ తేడా తనకు తట్టనే లేదు. పాతికేళ్ల పనిమంతుడికి ఇంతకంటే సిగ్గుచేటు ఏముంది?

తీగను తాళం వైపు మార్చడం పది నిమిషాల పని. వైరింగ్ సరిచేశానంటే అడిగేవాడు లేడు, ఆరు కార్లూ వస్తాయి. ఇంతలో ప్రవీణే, బల్బు ఎందుకు ఆరిందో తెలియక, టేపే కదా అని అడిగాడు. ఆయన వాలకం చూస్తే అవుననిపించుకోవాలని ఉన్నట్టే ఉంది. ఎల్లయ్య ఊరుకున్నా చాలు, అవునన్నట్టే లెక్క. స్తంభం దగ్గర నర్సింలు చేతులు కట్టుకుని ఇటే చూస్తున్నాడు.

“టేపు కాదు సార్, దేవుని దీపం. నేనే బ్యాటరీకి డైరెక్టు గుంజిన. బండి గింతసేపు నిలవడి ఉంటదని సోంచాయించలే. తప్పు నాది, పిలగానిది ఏం లేదు” అన్నాడు ఎల్లయ్య.

ఆ ఆరు కార్లు కొత్తగూడ షెడ్డుకు రాలేదు, అది ఇక్కడే చెప్పేస్తే పోతుంది. అమీర్‌పేటలో మీటర్లున్న దుకాణానికి పోయాయి. ఆ బాధ ఎల్లయ్యకు చాలా రోజులు ఉంది. లేదంటే అబద్ధమే. ఆ పూట మాత్రం తీగ మార్చేసి, ఇకమీదట కారు ఆపితే దీపం కూడా ఆరుతుందని అమ్మగారికి తానే చెప్పుకుంటానన్నాడు.

ప్రవీణ్ నర్సింలును దగ్గరికి పిలిచాడు. పని మానక్కర్లేదన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. తన మీద పడిన తప్పును కాస్త అటు నెట్టాలనో ఏమో, “టేపు పెట్టలేదని ఆ రోజే చెప్పుంటే ఇంతదాకా వచ్చేది కాదు గదా?” అన్నాడు.

నర్సింలు గొంతు పెంచలేదు. టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు చెప్పాడు.

“మూడుసార్లు చెప్పిన సార్. మీరు ఇనలే.”