చిటికెన వేలి మీద పెద్దబాపు

ఆ కాలంలో మాకు పాఠాలు ఒంటిమీదికి వచ్చేవి, బోనాలప్పుడు పూనకం వచ్చినట్టు. ఇప్పటి పిల్లలు ఏ పాఠాన్నైనా పరీక్ష దాకా మోసి, హాలు బయటే దించేసి, చేతులు దులుపుకుని వస్తారు. మాకు ఆ సౌకర్యం లేదు. నాకు పూనింది టార్క్. ఎనభైల మొదట్లో హనుమకొండలో ఇంటర్ చదువుతుండగా మా ఫిజిక్సు సారు ఒకరోజు తరగతి గది తలుపును ఒక్క వేలితో అంచు దగ్గర నెట్టి మూశాడు. తర్వాత నన్ను పిలిచి, అదే తలుపును మడతబందు పక్కన వేలు పెట్టి నెట్టమన్నాడు. నెట్టాను. తలుపు కదల్లేదు, నా వేలు మాత్రం కొత్త దిక్కుకు వంగింది. "బలం ఎంతన్నది సగం ముచ్చటే. తిరిగే చోటికి ఎంత దూరంల పెట్టినవన్నది మిగతా సగం. రెండూ గుణిస్తే టార్క్" అన్నాడు సారు. అంతే. ఆ సాయంత్రం మడికొండ అవతలి మా ఊరికి సైకిలు తొక్కుకుంటూ వెళ్తున్నవాడు మామూలు విద్యార్థి కాదు. పెడలు పొడవును గౌరవించడం తెలిసిన మహానుభావుడు.

ఇంటికి చేరగానే లోకోద్ధరణ మొదలైంది. తలుపులన్నీ అంచుల దగ్గరే ముట్టుకోవాలని అమ్మకు ఆజ్ఞ ఇచ్చాను. నాయినమ్మ విసుర్రాయికి పిడి కురచగా ఉందని బారెడు కర్ర బిగించాను. (సగం బలంతో తిప్పవచ్చునన్నది నిజమే. అయితే ఒక్క చుట్టు తిప్పడానికి నాయినమ్మ లేచి రాయి చుట్టూ ప్రదక్షిణం చేయాల్సి వచ్చింది. రెండో ప్రదక్షిణంలో ఆమె జొన్నపిండిని నా నెత్తిన అభిషేకించింది.) ఇవన్నీ మా పెద్దబాపు చెవిన పడుతూనే ఉన్నాయి.

పెద్దబాపు అంటే మా బాపుకు, అంటే నాన్నకు, అన్న, మా ఇంటికి హైకోర్టు. మా బాపు ఆయన ముందు దగ్గాలన్నా అనుమతి అడిగేవాడు. మనిషి ఎంత భారీ అంటే, ఆయన వాకిట్లో నడిస్తే వంటింటి కుండలో నీళ్లు అలలు కొట్టేవి. ఆయన మంచం మీద ఒత్తిగిల్లితే పక్కింటి కుక్క లేచి చోటు మార్చుకునేది. ఆ ఏడు పత్తి విరగకాసింది, ఏరే మనుషులు దొరకడం లేదు. పెద్దబాపు ఒక పొద్దున పళ్లపుల్ల నములుతూ తీర్పు చెప్పేశాడు, ఈ పత్తి అమ్మినాక నాకు కాలేజీ బంద్ అని, ఇక బండి, ఎడ్లు నావేనని. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు ఆకాశంలో ఏదో ముఖ్యమైన మేఘాన్ని వెతుక్కున్నాడు.

అప్పుడు నేను నా జీవితంలోకెల్లా పెద్ద వాదన చేశాను. మా ఎడ్లు మల్లడికీ ఎర్రోడికీ మెడల మీద కాయలు కాచాయి, కదా? బండిలో బరువు ఎప్పుడూ కొంచెం ముందుకే ఉండేలా వేస్తారు, ఆ బరువంతా బండి ముందుకు చాచిన రెండు నొగల మీదుగా కాడి మీద, కాడి కింద వాటి మెడల మీద పడుతుంది. ఇరుసుకు ముందు ఎంత టార్క్ ఉందో వెనుక కూడా అంతే ఉంటే, కాడి మీద పడే బరువు సున్న. ఎడ్లు ఊరికే లాగితే చాలు. "తాతల కాన్నుంచి ముందు బరువే ఏసినం" అన్నాడు పెద్దబాపు. ఎందుకని అడిగాను. ఆయన పళ్లపుల్ల తీసి చాలాసేపు ఆలోచించి, తాతలు చెప్పలేదన్నాడు. నేను అక్కడ దొరకబుచ్చుకున్నాను. ఈసారి ఎనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి బండిని నేను కడతాను, ఎడ్లు మెడ నొప్పి లేకుండా మార్కెట్ చేరితే నా చదువు నాకు వదిలేయాలి అన్నాను. పెద్దబాపు పళ్లపుల్ల అవతల పారేసి, "సరే, కట్టు" అన్నాడు. పక్కనున్న అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగిన ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. (లేవు. ఉంటే బాగుండేది.)

బండి కట్టే పొద్దున పత్తి బోరాలను ముందునుంచి వెనక్కి, వెనకనుంచి మీదికి జరిపించి, గోపురంలా పేర్పించాను. ఆ గోపురం మీద గద్ద వాలి గూడు కట్టే ఆలోచన చేసిందని మా నాయినమ్మ సాక్ష్యం. ఆపైన పెద్దబాపును ముందు తోలేచోట కూర్చోబెట్టాను, ఎందుకంటే లెక్కలో ఆయనా ఒక రాశి. ఎడ్లను ఇంకా కట్టలేదు. ఊరు సగం పోగైంది. నేను కాడి కిందికి వెళ్లి చిటికెన వేలు ఆనించి పైకెత్తాను. కాడి లేచింది. కాడితో నొగలు, నొగలతో పెద్దబాపు. పదిమంది కదిలించలేని మనిషిని పదిహేడేళ్ల పీనుగు చిటికెన వేలి మీద లేపుతున్నాడు. ఎవరో ముసలాయన దండం పెట్టుకున్నాడు. పెద్దబాపు కిందికి చూసి, "వీని దగ్గర ఏదో ఉన్నది" అన్నాడు మెల్లగా. నా చదువు అప్పటికే సగం దక్కినట్టు నాకు అనిపించింది. మెడమీద బరువే లేనప్పుడు మెడతాళ్లు బిగించడం ఎందుకని ఎడ్లకు వాటిని వదులుగా కట్టాను. ఇదీ సైన్సే అనుకున్నాను.

చదును రోడ్డు మీద ప్రయాణం గురించి ఏం చెప్పను. మల్లడు, ఎర్రోడు ఒకదాన్నొకటి చూసుకుని, వెనక బండి ఉందో లేదో తెలియక రెండుసార్లు తిరిగి చూశాయి. పెద్దబాపు కూనిరాగం తీశాడు. నేను బండి పక్కన నడుస్తూ, పెద్దయ్యాక నాకు వచ్చే బిరుదులను ఎంచుకుంటున్నాను. అట్లా మడికొండ దాటాక రోడ్డు ఎత్తెక్కడం మొదలుపెట్టింది.

బరువు ఎత్తుగా పేరిస్తే, చదునులో ఇరుసు మీద నిలబడే ఆ బరువు, ఎత్తెక్కేటప్పుడు ఇరుసు వెనక్కి ఒరుగుతుందని మా సారు ఇంకా చెప్పలేదు. (చెప్పే రోజున నేను పత్తి బోరాలు పేరుస్తూ సెలవులో ఉన్నాను.) మా తాతలు ముందు బరువు ఎందుకు వేశారో నాకు ఆ ఎత్తు మీద, ఒక్క క్షణంలో, పూర్తిగా బోధపడింది. గోపురం వెనక్కి ఒరిగింది. బండి తోక కిందికి పోయి రోడ్డును కరుచుకుంది. కాడి పైకి లేచింది. వదులు తాళ్లలోంచి ఎడ్లు మెడలు సుఖంగా జార్చుకుని, పక్కకు జరిగి, నెమరు వేస్తూ వేడుక చూడసాగాయి. పెద్దబాపు మాత్రం, పగ్గాలు చేతిలో పట్టుకునే, ఆకాశంలో ఉన్నాడు. తాటిచెట్టంత ఎత్తు. (ఈతచెట్టు అని బాపు అంటాడు, ఆయన అక్కడ లేకున్నా.)

"ఏమైందిరా?" అని పైనుంచి వినబడింది.

"ఏం కాలే పెద్దబాపూ. జర టార్క్ ఎక్కువైంది."

"అయితే తక్కువ చెయ్యి మల్ల."

బస్సు ఒకటి ఆగింది. కిటికీల నిండా తలకాయలు. కూరగాయల గంపతో నడిచివస్తున్న ఒక అవ్వ గంప దించి, చెయ్యి నొసట అడ్డం పెట్టుకుని చూసి, "ఏంది పెద్దమనిషీ, మీద గాలి మంచిగ కొడుతాందా?" అని అడిగింది. పెద్దబాపు తలరుమాలు సర్దుకుని, మంచిగనే కొడుతాంది అన్నట్టు గంభీరంగా తలూపాడు. ఆ తలూపుకే బండి కిర్రుమంది. కాలేజీ, సారు, ఒక్క వేలితో మూసుకునే ఆ తలుపు, అన్నీ నా కళ్ల ముందు మూసుకుపోతున్నాయి. ఇక నాకు మిగిలింది ఒకే ఒక్క సూత్రం. బరువు పెంచలేను, ఆయన అప్పటికే దేవుడిచ్చిన గరిష్ఠ బరువులో ఉన్నాడు. పెంచగలిగేది దూరం ఒక్కటే. గబగబా చక్రాల వెనుక రాళ్లు పెట్టి అరిచాను.

"పెద్దబాపూ, నువ్వు ముందుకు జరగాలె."

"ముందు ఏమున్నదిరా? ఆకాశమున్నది."

"నొగ పట్టుకొని జరుగు. ఇరుసుకు ఎంత దూరం పోతే అంత మంచిది."

ఆయన నన్ను చూశాడు. ఎడ్లను చూశాడు. అవి తల తిప్పుకున్నాయి. ఇక వేరే దారి లేక ఆ భారీ మనిషి నొగల మీద బోర్లా పడుకుని, కాడి వైపు, బల్లిలా పాకడం మొదలుపెట్టాడు. జానెడు పాకినప్పుడల్లా బస్సులోంచి ఒక నిట్టూర్పు. మొదట ఏమీ జరగలేదు. తర్వాత బండి తోక రోడ్డును వదిలింది. ఆయన చెయ్యి కాడిని అందుకోగానే నొగలు మెల్లగా, పల్లకీ దించినంత మర్యాదగా, కిందికి దిగాయి. పెద్దబాపు కాళ్లు నేలను తాకాయి. బస్సు వాళ్లు చప్పట్లు కొట్టారు. అవ్వ గంప ఎత్తుకుని, ఇంత మంచిగ దిగినోన్ని చూడలేదని మెచ్చుకుని వెళ్లిపోయింది.

బోరాలు దించి, తాతల పద్ధతిలో ముందు బరువుతో మళ్లీ పేర్చి, మార్కెట్ చేరాం. పత్తి అమ్ముడుపోయింది. ఖాళీ బండిలో తిరిగి వస్తుంటే, నేను వెనక అంచున కూర్చుని, పగ్గాలు పట్టడం ఎలా నేర్చుకోవాలో ఆలోచిస్తున్నాను. పొద్దుటి ఎత్తు దగ్గరికి రాగానే ఆయన బండి ఆపి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"మీ సారు చెప్పింది నిజమేరా. దూరం పోయిన కొద్ది పనికొస్తది."

"అవును పెద్దబాపూ."

"నువ్వు గూడ పో. కాలేజీకి పో, దాని తర్వాత ఇంకేముంటే దానికి పో. ఎంత దూరం చదువున్నదో అంత దూరం పో బిడ్డా. ఇంట్ల మాత్రం ఉండకు."

పోయాను. ఆ దూరం నన్ను చివరికి ఒక నల్లబల్ల ముందు నిలబెట్టింది, ఫిజిక్సు సారుగా. పెద్దబాపు చివరిదాకా ఊళ్లో ఆ కథను తన పద్ధతిలో చెప్పుకున్నాడు. ఆయన కథలో బండి లేవడం ఉండదు, తనే దారి చూడడానికి మీదికి ఎక్కాడు. ఇప్పుడు ఆయన నొగలు అందనంత ఎత్తున ఉన్నాడు. నేను ఏటా టార్క్ చెప్పే రోజున బల్ల మీద ఎడ్లబండి గీస్తాను, నొగల కొసన రుమాలు చుట్టుకున్న మనిషిని గీస్తాను. పిల్లలు తప్పకుండా అడుగుతారు, "సార్, పరీక్షల ఆ మనిషిని గూడ గీయాల్నా?" అని. అక్కర్లేదు అంటాను. గంట కొట్టాక డస్టరుతో చక్రాలు తుడుస్తాను, ఎడ్లను తుడుస్తాను, పత్తి గోపురం తుడుస్తాను. ఆయన దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఎందుకో ఆగుతుంది. తర్వాతి గంట లెక్కల సారుది. ఆయన పాపం, గాలిలో ఒంటరిగా వేలాడుతున్న పెద్దమనిషిని తప్పించి పక్కన లెక్క వేసుకుంటాడు.