సీసా అడుగున నీలం

మళ్ళీ ముద్దకట్టేసిందండీ. సీసా అడుగున పసుప్పచ్చ బురద తప్ప ఇంకేం మిగల్లేదు.

కాలేజీ కెమిస్ట్రీ లేబులో నేను అటెండర్ని. మా లెక్చరరు సుందరం మాస్టారు పీహెచ్‌డీ కోసం కాడ్మియం ద్రావణంలో సల్ఫైడు చుక్కలేసి, కంటికి ఆనని రేణువులు చేస్తున్నారు. రేణువు సైజు మారితే అది వెలిగే రంగు మారుతుందట. చిన్నదైతే నీలం, పెరిగేకొద్దీ ఆకుపచ్చ. మాకు మాత్రం ఎప్పుడు చేసినా బురదే.

ఇవాళ ఆఖరి కాడ్మియం వాడేశాం. అల్ట్రావయొలెట్ దీపం కింద సీసా ఒక్క క్షణం నీలంగా వెలిగింది. అంతలోనే మసకబారి అడుక్కి దిగిపోయింది.

“సీసా దేంతో కడిగేరు బాబాయిగారూ?” అని అడిగారు మాస్టారు నన్ను.

“శుభ్రంగానే కడిగేనండీ. డిస్టిల్డ్ వాటర్ మీకు మిగల్చాలని చివర్లో నూతినీళ్ళతో తొలిపేను.”

“వేసవికి పంటకాలువలు కట్టేశాక నూతినీళ్ళు ఉప్పగా అయిపోయేయి కదండీ! ఉప్పు తగిల్తే రేణువులన్నీ ముద్దకట్టేస్తాయి. ఇవాళొక్కరోజేనా ఇలా?”

“ఆయ్, ఇవాళేనండీ,” అన్నాను.

వేసవంతా అలాగే కడిగాను. యాభై ఆరేళ్ళొచ్చి మోకాళ్ళు మొరాయిస్తున్నా, అబద్ధం మాత్రం చటుక్కున లేచి వస్తుంది.

“అయితే మిగతాసార్లు తప్పు నా పద్ధతిదే. ఇంక మానేద్దాం లెండి,” అని మాస్టారు నోటుబుక్కు మూసేశారు.

చెప్పినా కాడ్మియం తిరిగిరాదు. చెప్పకపోతే ఆయన తన బుర్రనే తిట్టుకుంటారు. మీరైతే ఏం చేసేవారో చెప్పండి. నేనైతే ఆయన రాజోలు బస్సెక్కేలోపు ఎలాగైనా చెప్పేద్దామని... ఆయ్, వస్తున్నానండీ! లేబుకి తాళం వేసెయ్యమని మాస్టారు కేకేస్తున్నారు.